జూరకాన్ జాడీలు

జూరకాన్ ఎజె చేత తిట్లు తినని డ్రైవరు కొచ్‌కోర్ లోయలో ఉన్నాడంటే నేను నమ్మను. నేనైతే ఆరేళ్లు తిన్నాను. ఎజె అంటే మా మాటలో అక్క. ఆ పిలుపులో ఉన్న మెత్తదనం ఆమె నోట్లో వెతికినా దొరికేది కాదు. వ్యాను గుంతలో వేశావని తిట్టేది, పెట్టెలు పడేసినట్టు దించుతావని తిట్టేది, గాజు సామాను పక్కన ఈల వేయకని తిట్టేది. ఈలకూ గాజుకూ ఏం సంబంధమని ఒకసారి అడిగాను. "నీ తలకీ నీ మెదడుకీ ఉన్న సంబంధమే" అంది.

చిన్న మనిషి. నా భుజం దాకా వస్తుందేమో. పదిహేడో ఏట బాలిక్చీ పట్నంలో పాల కర్మాగారంలో సీసాలు కడగడానికి చేరింది. కర్మాగారం మూతబడేదాకా, పదహారేళ్లు, అదే పని. కాస్టిక్ సోడా నీళ్లలో నాని నాని వేళ్ల కొసలు నున్నగా అరిగిపోయాయి. ఒకసారి గుర్తింపు కార్డు కోసం వెళ్తే యంత్రం మీద ఆమె వేలిముద్ర పడలేదు. ఆఫీసులో కూర్చున్న అమ్మాయి మూడుసార్లు చేతులు కడుక్కు రమ్మందట. "జీవితమంతా నేను చేసింది అదే కదే పిల్లా" అన్నానని చెప్పి ఎజె పడీపడీ నవ్వేది. నాకు మాత్రం ఆ కథ విన్నప్పుడు నవ్వు రాలేదు.

కర్మాగారం మూసేసిన రోజు అందరూ తలా ఒకటి పట్టుకుపోయారు. ఒకడు మోటారు పీకాడు, ఒకడు తలుపు పీకాడు. ఎజె పదకొండు పాల సీసాలు కొంగున కట్టుకుని వచ్చింది. వాటిలో ఏముందని మొగుడు తిడితే, "ఇవి పోయి తిరిగొచ్చేవి, నీలా తాగి ఎక్కడో పడిపోయేవి కావు" అందట. ఆ మొగుడు తర్వాత నిజంగానే ఎక్కడో పడిపోయి చనిపోయాడు. ఆమెకు మిగిలింది ఒక మచ్చల ఆవు.

ఆ ఆవు పెరుగునే పదేళ్లు అమ్ముకుని బతికింది. అందరిలాగే తనూ జనం పారేసిన సోడా సీసాలు, ఆ ప్లాస్టిక్ సీసాలు, కడిగి పెరుగు నింపి అమ్మేది. తన సరుకు గుర్తు తెలియడానికి ప్రతి మూతకీ ఎర్ర దారం చుట్టేది. ఒక చలికాలం ఆవు మేత మానేసి నాలుగు రోజులు నిలబడి నిలబడి కూలిపోయింది. కోసి చూస్తే కడుపు నిండా సంచులు, పీలికలు. వాటి మధ్య ఒక మూత, దానికి చుట్టుకుని ఎర్ర దారం.

ఆ మూత ఆమె పారేయలేదు. ఏళ్ల తరబడి కిటికీ దగ్గర పెట్టుకుంది. అడిగితే, "నా చేత్తో నేనే తినిపించాను" అనేది, అంతే.

లోయలో ఆడవాళ్లంతా పాలు ఒక్కచోట పోసి సంఘం పెట్టుకున్నప్పుడు, దాని అధ్యక్షుడు తుర్గున్‌బాయ్ పెరుగుకు ప్లాస్టిక్ గిన్నెలు కొందామన్నాడు. ఎజె లేచి నిలబడి ఆ ఎర్ర దారం మూత అతని ముందు బల్ల మీద పెట్టింది. ఆ రోజు నుంచి రెండేళ్లు అతని ప్రాణం తోడేసింది. చివరికి అతను చేతులెత్తేసి, సరే, నీ ఇష్టం వచ్చిన జాడీ నువ్వే చేయించుకో అన్నాడు.

చదువు ఎనిమిదో తరగతి. కానీ ఆ జాడీ ఆమె గీసిన తీరు చూస్తే పెద్ద చదువులవాళ్లు సిగ్గుపడాలి. మూతి వెడల్పు, పిడికిలి గుడ్డతో సహా దూరేంత. లోపల ఎక్కడా మూల లేదు, అడుగు గుండ్రం, మీగడ దాక్కునే చోటు లేదు. జిగురుతో అంటించే కాగితం లేదు. జిగురు వదిలించడానికే పదహారేళ్లలో సగం పోయిందనేది. అందుకే తేదీ మూత మీద సుద్దముక్కతో రాయడమే. మూత కొలత ప్రతి ఇంట్లో ఊరగాయ పెట్టే జాడీ మూత కొలతే, పోయినా ఇంకోటి దొరుకుతుంది. ప్రయాణంలో ఒకదానికొకటి కొట్టుకోకుండా గొర్రె ఉన్నితో తొడుగు. లోయ ఆడవాళ్లు ఇళ్లలోనే ఉన్నిని తడిపి, తొక్కి, మందపు గుడ్డ చేసి మూడు వేల తొడుగులు తయారుచేశారు. గాజు బట్టీకి నేనే వ్యానులో తీసుకెళ్లాను. అక్కడ అచ్చు తీసేవాడు జాడీ బొమ్మ చూసి, దాని భుజం మీద ఏం పేరు చెక్కమంటావు అని అడిగాడు.

"ఎవరి పేరు చెక్కుతారు?" అంది ఎజె.

"చేయించినవాళ్ల పేరు."

ఆమె నావైపు చూసింది. నేను సిగరెట్టు వెలిగించుకుని అటు తిరిగాను. వెనక నుంచి ఆమె గొంతు, చిన్నపిల్ల గొంతులా, "జూరకాన్ అని రాయి" అనడం వినిపించింది.

జాడీలు వచ్చిన రోజు ఆమె వాటిని దించనివ్వలేదు. ఒకటి చేతిలోకి తీసుకుని ఆ ఉబ్బెత్తు అక్షరాల మీద నున్నటి వేళ్లు పోనిచ్చింది. "తెలుస్తోందిరా ఇషెన్, వేళ్లకి తెలుస్తోంది" అంది. నన్ను తిట్టకుండా ఆమె గడిపిన మొదటి రోజు అది.

మే నెలలో అమ్మకం మొదలైంది. కొచ్‌కోర్ నుంచి బాలిక్చీకి రోజూ పొద్దున నేను జాడీలు దించేవాణ్ణి, పెరుగు నిమిషాల్లో ఖాళీ. జాడీ తిరిగిస్తే ధరలో కొంత వెనక్కిస్తామని చెప్పాం. మొదటి వారం నాలుగు వందలు వెళ్లాయి. ముప్పై వచ్చాయి. వచ్చినవాటిలో సగం నిండుగా వచ్చాయి, నేరేడు రంగు మురబ్బా ఒకదాంట్లో, ఉప్పు దోసకాయలు ఒకదాంట్లో, ఎండు చేప ఒకదాంట్లో. మేం నవ్వుకున్నాం. పట్నం జనానికి ఎంత ప్రేమ అనుకున్నాం. ఎజె ఆ దోసకాయల జాడీని మూడు నీళ్లలో కడిగినా వాటిలో వేసిన సోంపు ఆకు వాసన పోలేదు.

జూన్ గడిచింది. జులై గడిచింది. వెళ్లినవి వెళ్లినట్టే ఉన్నాయి. ఈలోగా గాజు బట్టీ ఆర్పేశారని, మా అచ్చు పాత ఇనుము కింద పోయిందని కబురొచ్చింది. అంటే ఇక ఈ లోకంలో ఉన్నవి ఆ మూడు వేలే. పగిలినా పోయినా మళ్లీ పుట్టవు. ఆగస్టు నడిమికి మా అరల్లో నాలుగు వందల జాడీలు మిగిలాయి.

ఒక పొద్దున కడిగే షెడ్డుకు తుర్గున్‌బాయ్ వచ్చాడు. వెనకే ఒక పెద్ద చెక్కపెట్టె దించారు. ప్లాస్టిక్ గిన్నెలు పోసే యంత్రం.

"ఎజె, నా మీద కోప్పడకు," అన్నాడు. "జనాలు పెరుగడుగుతున్నారు. పోసివ్వడానికి పాత్ర లేదు."

"పాత్రలున్నాయి. పట్నంలో ఉన్నాయి."

"పట్నంలో ఉంటే నేనేం చేసుకోను, నాకు షెడ్డులో కావాలి."

"వస్తాయి."

"ఎప్పుడు? నా గడ్డం నెరిసాకా?" తర్వాత మెత్తబడ్డాడు. చెడ్డవాడు కాదు, లెక్క కుదరక నలిగిపోతున్నవాడు. "మందలు కొండ దిగే రోజు దాకా ఆగుతా. నెల ఉంది. నాలుగింట మూడొంతుల జాడీలు ఈ అరల్లో కనబడితే ఈ పెట్టె విప్పను, వచ్చిన దారినే పంపేస్తా. కనబడకపోతే పెట్టె విప్పి బిగిస్తా. ఆపైన నీ మాట వినను, నా మాట నువ్వు వినాలి."

అతను వెళ్లాక ఎజె ఆ చెక్కపెట్టె చుట్టూ ఒకసారి నడిచింది. తర్వాత ఏప్రన్ విప్పేసి నా వ్యానెక్కి కూర్చుంది. "పట్నం పోనీ. ఆ దొంగల సంగతి చూస్తా."

వారం రోజులు చూశాం. ఇల్లిల్లూ తిరిగాం. బాలిక్చీలో తెల్లారితే ఉలాన్ గాలి మొదలవుతుంది, నోట్లో ఇసుక, కళ్లలో ఇసుక. ఎజె ప్రతి తలుపూ కొట్టి జాడీలేవి అనేది. లోపలున్నవాళ్లు తలుపు సగం తెరిచి, ఇస్తాం ఎజె, తప్పకుండా ఇస్తాం, కొంచెం ఆగండి అనేవాళ్లు. ఆ కొంచెం ఏమిటో ఎవరూ చెప్పరు. మొహం ఎర్రబడేది, కళ్లు దించుకునేవాళ్లు. దొంగతనం కాకపోతే కళ్లెందుకు దించుకుంటారని ఎజె పళ్లు నూరేది. ఒక ఇంట్లో కిటికీ గట్టు మీద జాడీలు తళతళా కడిగి వరసగా బోర్లించి ఉన్నాయి. "నీ అల్లుడికి కట్నమిస్తావా వాటిని?" అని అరిచింది. ఇంటావిడ ఏడ్చేసింది కానీ జాడీ ఇవ్వలేదు.

ఇక్కడ నా నేరం చెప్పాలి. ఆ వారంలోనే ఒక సాయంత్రం మా ఇంట్లో నా భార్య పిండి డబ్బా వెనక ఆరు జాడీలు చూశాను. కడిగి, తుడిచి, తొడుగులు తొడిగి ఉన్నాయి.

"ఇవేంటే? నేను ఊరందరినీ తిట్టి వస్తున్నా, ఇవి నా ఇంట్లోనా?"

"అరవకు. వాగొడ్డు ముళ్లపొదల పుల్లపండ్లు పండనీ, జాము చేసి పోసిస్తా."

"పోసివ్వడమెందుకు? ఖాళీవి ఇయ్యి!"

నా భార్య నన్ను పరాయివాణ్ణి చూసినట్టు చూసింది. "తెలుపు పోసుకొచ్చిన పాత్ర అది. పాలో పెరుగో వచ్చిన గిన్నెను ఖాళీగా పంపుతామా? మీ అమ్మ నీకు అదే నేర్పిందా? పైగా ఎజె పేరుంది దాని మీద. ఆమె మొహం ఎలా చూడను నేను?"

నిజమే. మా అమ్మ పక్కింటి గిన్నెను పదిరోజులైనా ఉంచుకునేది కానీ ఖాళీగా పంపి ఎరగదు. నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. రోజూ పొద్దున వ్యానులో ఖాళీ పెట్టెలు మోసుకొస్తూ ఒక్కసారి కూడా ఆలోచించలేదు. తెలిశాక అయినా ఎజెకు చెప్పానా? లేదు. వీధి వీధినా దొంగలని తిట్టిన మనిషికి, నా ఇంట్లోనే ఆరున్నాయని ఏ నోటితో చెప్పను. ఎనిమిది రోజులు నీళ్లు నమిలాను. ఆ ఎనిమిది రోజులూ ఆమెకు ఎంత విలువైనవో తెలిసీ నమిలాను.

తొమ్మిదో రోజున పాత రేవు దగ్గర కనిమ్‌జాన్ అపా ఇంటికి వెళ్లాం. అపా అంటే అమ్మ. ఎనభై దాటిన వితంతువు, ఒక్క గది, చెట్టూ లేదు చేమా లేదు.

"జాడీలున్నాయా అపా?" అంది ఎజె.

"ఏం జాడీలు తల్లీ?"

"మా పెరుగు జాడీలు."

"నేను పెరుగెక్కడ కొంటాను. ఏనాడూ కొన్లేదు."

వాకిట్లో తీగ మీద ఉన్ని తొడుగొకటి ఆరేసి ఉంది. గాలికి ఊగుతోంది. ఎజె దానివైపు చూసింది. "ఇది కూడా గాలికి కొట్టుకొచ్చిందా అపా?"

ముసలావిడ గోడ పట్టుకుంది. తర్వాత లోపలికి వెళ్లి, మూలన మడిచి పేర్చిన బొంతల దొంతరను ఒక్కొక్కటీ దించసాగింది. నేను సాయం వెళ్లబోతే వద్దని చెయ్యి ఊపింది. బొంతల వెనక తెల్లగుడ్డ కప్పి పంతొమ్మిది జాడీలు. ఊళ్లో మేం చూసిన ఏ ఇంట్లోనూ అన్ని లేవు.

"దొంగను కాదమ్మా," అంది. "ఏం పెట్టివ్వను? పిండి పెడదామనుకున్నా, నెలాఖరుకి నాకే లేదు. రోజూ ఇంత పెరుగే నా భోజనం. ఒకదానికి పెట్టేలోగా ఇంకోటి జమవుతోంది."

"చిటికెడు ఉప్పేసి ఇవ్వొచ్చుగా అపా," అన్నాను నేను. అంత తెలివితక్కువ మాట నా జన్మలో మళ్లీ అనలేదు.

"ఉప్పేసిస్తే నా ఇంట్లో ఉప్పు తప్ప ఏం లేదని చాటుకున్నట్టు కాదా అబ్బాయ్?"

ఎజె ఒక అడుగు ముందుకేసింది. "అపా, ఇది నేనిచ్చింది కాదు. మీరు కొనుక్కున్నది. దుకాణం సరుకు."

"దుకాణం సరుకు మీద మనిషి పేరుంటుందా?" ముసలావిడ ఒక జాడీ తీసి అక్షరాల మీద చెయ్యి పెట్టింది. "వెనకటి లెమనేడ్ సీసా అయితే ఆనాడే తీసుకెళ్లి పడేసేదాన్ని. అది ఎవరిదీ కాదు. ఇది నీది. పేరు రాసి, చలేయకుండా చొక్కా తొడిగి పంపావు. నేను తినే ముందు రోజూ నీ పేరు చదువుకుంటా. ఆ పేరుగలావిడకి ఖాళీ పాత్ర పంపి ఆవిడ ఇల్లు ఖాళీ కావాలని కోరుకోనా?"

ఎజె గడప మీద కూలబడింది. ఎంతసేపు కూర్చుందో నేను చూడలేదు, నేను గాలివైపు మొహం తిప్పుకుని నిలబడ్డాను. ఆ జాడీ చెయ్యాలని రెండేళ్లు కొట్లాడింది, మూతి కొలిచింది, అడుగు కొలిచింది, తిరిగి రావడానికి కావలసినవన్నీ పెట్టింది. తిరిగి రాకుండా ఆపినది ఆమె పేరు ఒక్కటే.

వ్యానులో రోడ్డెక్కాక అడిగింది. "ఇషెన్, మీ ఇంట్లో ఎన్నున్నాయి?"

"ఆరు."

"ఎన్నాళ్ల నుంచి తెలుసు?"

"వారం. ఎనిమిది రోజులు."

నేను తిట్ల కోసం ఎదురుచూశాను. రాలేదు. వ్యాను సరస్సు గట్టు దాటింది, పెట్రోలు బంకు దాటింది, రాలేదు. "తిట్టండి ఎజె, మీ కాళ్లు పట్టుకుంటా, తిట్టండి" అన్నాను.

"నిన్నేం తిట్టను. నేను మాత్రం ఇస్తానా ఖాళీగా?" అంది. కొంతసేపటికి మళ్లీ, "నీ దగ్గర సానరాయి ఉందా?"

ఆమె ఆలోచన నాకు అప్పుడు అర్థమైంది. పేరు పోతే అది ఎవరి గిన్నే కాదు. ఎవరిదీ కాని దాన్ని ఖాళీగా ఇవ్వొచ్చు.

మర్నాడు షెడ్డులో నేను పెద్ద మొనగాణ్ణి అనుకుని గ్యారేజీ నుంచి కరెంటు సానయంత్రం తెచ్చాను. ఒక్కో జాడీకి నాలుగు లెక్కపెట్టేలోగా పేరు ఎగిరిపోతోంది. నలభై జాడీలు గీకి పారేశాను. సాయంత్రం వాటిని వేడి సోడా నీళ్లలో ముంచితే, ఒకటి టప్పుమంది. తర్వాత ఇంకోటి. యంత్రం వేడికి గాజు లోపల కంటికి కనబడని చీలిక పడింది. నలభైలో ముప్పై ఏడు మా కళ్ల ముందే, సరిగ్గా పేరు ఉండిన చోటే, పగిలిపోయాయి.

ఎజె ఆ పెంకుల మధ్య నేల మీద కూర్చుంది. ఏడవలేదు. పెంకులు ఒక్కొక్కటి ఏరి ఒడిలో వేసుకుంటూ, "ఇవి ఇక రావు, ఇవి ఇక రావు" అని అంటూనే ఉంది. నాకు అక్కడి నుంచి పారిపోవాలనిపించింది. మూలన చెక్కపెట్టె అలాగే ఉంది. పద్దెనిమిది రోజులున్నాయి.

చేత్తో, చల్లటి నీళ్లు పోస్తూ, మెల్లగా రుద్దితే పగలవని తనే కనిపెట్టింది. ఒక్క పేరు పోవడానికి టీ కాగేంత సేపు. సీసాలు కడిగే బూరుల్ అని ఒకామె ఉంది, ఎజె కన్నా నోరెక్కువ. ఆమె చేతికి రాయిస్తే విసిరికొట్టింది.

"బతికున్న మనిషి పేరు గీకను! ఇది చచ్చినోళ్లకి చేసే పని, నా వల్ల కాదు. కావాలంటే పన్లోంచి తీసెయ్."

"నిన్నెవరు గీకమన్నారు?" అంది ఎజె. "నా పేరు. నేను గీక్కుంటా."

అప్పటి నుంచి ఆమెకు తిండి ధ్యాస లేదు. వ్యాను వెనక ఒక నీళ్ల బకెట్టు, రెండు సానరాళ్లు. ఇంటి ముందు ఆగుతాం. ఎజె గడప మీద కూర్చుని, జాడీలు తెమ్మంటుంది. ఇంటావిడ బెదురుతూ తెస్తుంది. ఎజె ఆమె కళ్లెదుటే పేరు రుద్దేసి, నీళ్లతో కడిగి, జాడీని మళ్లీ ఆమె చేతికే ఇస్తుంది.

"ఇప్పుడు చదువు. ఎవరిది?"

"ఏం లేదు ఎజె."

"ఎవరిదీ కాదు కదా? ఎవరిదీ కాని దాన్ని నాకిటివ్వు."

ఇచ్చేవాళ్లు. కొందరు మొహం తిప్పుకుని ఇచ్చేవాళ్లు. బజారులో ఒక ముసలాయన ఇది అపశకునమని కర్ర ఎత్తాడు. ఒకామె జాడీని గుండెలకు హత్తుకుని లోపలికి పరిగెత్తి తలుపేసుకుంది. కానీ వీధికొక ఇంట్లో పని అయిందంటే మిగతా ఇళ్లవాళ్లు తామే జాడీలు తెచ్చి ముందు పెట్టేవాళ్లు. పదో రోజుకి ఎజె వేళ్ల కొసలు చిట్లాయి. గుడ్డ చుట్టుకుని రుద్దింది. పదకొండో రోజు పొద్దున నేను వ్యాను తీస్తుంటే బూరుల్ వచ్చి పక్కన కూర్చుంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "ఎటో చూస్తావేం, రాయి ఇటివ్వు" అంది నాతో.

పదిహేనో రోజున కనిమ్‌జాన్ అపా ఇంటికి మళ్లీ వెళ్లాం. పంతొమ్మిది జాడీలు గడప మీద వరసగా పెట్టింది. ఎజె ఒక్కొక్కటీ రుద్దుతుంటే ముసలావిడ పక్కనే కూర్చుని నీళ్లు పోసింది. పద్దెనిమిది అయ్యాయి. ఆఖరిది తీయబోతే అపా దాన్ని పట్టుకుంది.

"ఇదొక్కటి వదిలెయ్ తల్లీ. నాకుంచుకుంటా."

"ఒకటి ఆగితే అన్నీ ఆగుతాయి అపా."

"పేరు లేకపోతే ఎవరిదని తినను?"

ఎజె ఆ ముడతల వేళ్లను ఒక్కొక్కటిగా జాడీ మీద నుంచి తీసి, తల వంచుకుని రుద్దడం మొదలుపెట్టింది. రాయి కీచుమంటోంది. ఆమె ముక్కు కొస నుంచి నీటిబొట్టు గాజు మీద పడింది, దాన్ని కూడా కలిపి రుద్దింది. మొదటిసారి నేను ఆమె ఏడవడం చూశాను. అది అయ్యాక అపా ఖాళీ జాడీని రెండు చేతులా ఎత్తి ఇచ్చింది. ఎజె రెండు చేతులా తీసుకుంది.

మందలు కొండ దిగిన రోజు తుర్గున్‌బాయ్ అరల ముందు నిలబడి లెక్కపెట్టాడు. రెండుసార్లు లెక్కపెట్టాడు. నాలుగింట మూడొంతులకి పైన పదమూడు ఉన్నాయి. అతను ఒక జాడీ తీసి భుజం మీద గరుకుగా తెల్లబారిన మచ్చను వేలితో తడిమాడు. దాన్ని మళ్లీ అరలో పెట్టాడు. ఆ సాయంత్రమే చెక్కపెట్టె వచ్చిన దారినే వెళ్లిపోయింది.

జాడీలు ఇప్పటికీ వెళ్తున్నాయి, వస్తున్నాయి. ఖాళీగా, గలగలమంటూ, వ్యానుకు వ్యాను వస్తున్నాయి. తర్వాత ఇంకో బట్టీలో కొత్తవి కూడా పోయించారు, ఎజె గీసిన కొలతలే, భుజం నున్నగా. వాటిని ఎవరు గీశారని పట్నంలో అడిగితే చెప్పేవాళ్లు లేరు.

ఎజె ఆ తర్వాత మూడు చలికాలాలు కడిగింది, నన్ను తిట్టింది. నాలుగో చలికాలం ఊపిరితిత్తులకు నిమ్ము చేరి పోయింది.

నాదొక మాట మిగిలింది. మా ఇంట్లో ఆరు జాడీలని చెప్పాను. వాటిలో ఐదింటికే పేరు రుద్దించాను. లెక్క సరిపోయిందని తెలిశాక ఒక రోజు ఆమె నన్ను నిలదీసింది. "ఐదే ఇచ్చావు. ఆరోది ఏది?" పగిలిపోయింది ఎజె అన్నాను. నా మొహంలోకి చూసింది. "సరే, పగిలిందనే రాసుకో," అని వెళ్లిపోయింది. ఆమె తిట్టకుండా వదిలేసిన ఇంకో రోజు అది.

ఆమె పోయిన రోజున దాన్ని కోటు లోపల పెట్టుకుని వాళ్ల వాకిట దాకా వెళ్లాను. జనం ఏడుస్తూ లోపలికి పోతున్నారు, ఎవరి చేతుల్లో ఏవో ఉన్నాయి. గుమ్మం దగ్గర ఆగి జాడీ తీసి చూశాను. జూరకాన్ అని ఉంది, వేళ్లకి తెలుస్తోంది. లోపల ఏమీ లేదు. ఏం పోసి ఇవ్వాలో నాకు తోచలేదు. మళ్లీ కోటు లోపల పెట్టుకుని ఇంటికి వచ్చేశాను.